రెండో వరుసలో పిచ్చుక

ఇంట్లో చప్పుడు తగ్గిపోయిందని ముందుగా కనిపెట్టింది అత్తగారే. ఎడమ చెవి పూర్తిగా పోయి, కుడి చెవి ఒక్కదానితోనే లోకాన్ని నెట్టుకొస్తున్న మనిషి ఆవిడ.

"పిల్లకి ఒంట్లో బాగోలేదా ఏం?" అంది పొద్దున్నే, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

"ఎందుకత్తయ్యా? గుండ్రాయిలా ఉంది."

"మరి స్నానాలగదిలోంచి పాట వినబడి ఎన్నాళ్ళయిందీ?"

కోడలు గరిటె ఆపి విన్నది. నీళ్ళు పడుతున్న చప్పుడు, చెంబు బకెట్టుకి తగిలిన చప్పుడు. అంతే. ఈ ఇంట్లో పిల్ల స్నానానికి వెళ్ళిందంటే పై అంతస్తు వాళ్ళు నేల మీద చీపురుకట్టతో పొడిచేవాళ్ళు. పిచ్చుక అని పేరు పెట్టింది కూడా అందుకే. దానికి మాటల కన్నా ముందు రాగం వచ్చింది. అది ఏ రాగమో మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. "దీని పాట కూడా నా లిఫ్టుల్లాంటిదే, మూడు నొక్కితే మూడున్నర దగ్గర ఆగుతుంది" అని తండ్రి నవ్వేవాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేది ఆయనే. "కాసేపు ఆ రేడియో కట్టెయ్యవే తల్లీ, తల పగిలిపోతోంది" అని వంటింట్లోంచి అరిచేది తనే.

అలాంటి పిల్లని స్కూల్లో క్వయర్‌కి ఎంపిక చేశారు. మొన్న ఊళ్ళో స్కూళ్ళన్నిటికీ పెట్టిన బృందగాన పోటీలో పిచ్చుక చదివే సిస్టర్స్ స్కూలుకే మొదటి బహుమతి వచ్చింది. పిచ్చుక సర్టిఫికెట్టు తెచ్చి చూపించనైనా చూపించకుండా పుస్తకాల సంచీ అడుగున కుక్కేస్తే, టిఫిన్ డబ్బా కోసం తల్లి చెయ్యి పెట్టినప్పుడు దొరికింది. తనే దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది.

స్నానం చేసి జడ విప్పుకుంటూ బయటికొచ్చిన పిల్లని నానమ్మ చెయ్యి పట్టి కుడిపక్కన కూర్చోబెట్టుకుంది.

"అంత పెద్ద బహుమతి కొట్టుకొచ్చావు. మాకు ఒక్క పాట వినిపించవేమే?"

"గొంతు నొప్పి నానమ్మా."

"నిన్నా అదే చెప్పావు, మొన్నా అదే చెప్పావు," అంది తల్లి. "ఊరందరి ముందూ పాడతావు గానీ ఇంట్లో ముసలావిడ నోరు తెరిచి అడిగితే నోరు రాదా? బహుమతి రాగానే అంత గొప్పదానివైపోయావా?"

పిచ్చుక గోడ మీద ఫ్రేము వైపు ఒకసారి చూసి, జడ సగం అల్లి సగం వదిలేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"చూశారా పొగరు!"

"పొగరు కాదమ్మాయ్," అంది అత్తగారు గ్లాసులోకి చూస్తూ. "ఇంకేదో ఉంది."

బేకరీలో పిచ్చుక తల్లిని అందరూ పూలక్క అంటారు. పెళ్ళి కేకుల మీద క్రీముతో పూలు దిద్దేది ఆమే. క్రీము నింపిన కోను పట్టుకుని, మణికట్టు కదలకుండా వేళ్ళు మాత్రమే నొక్కుతూ, ఎడమచేత్తో తిరుగుడు పీటని కొంచెం కొంచెంగా తిప్పుతూ రేకు పక్కన రేకు పేరుస్తుంటే గులాబీ విచ్చుకుంటున్నట్టే ఉంటుంది. కోనుని ఎక్కువసేపు పట్టుకుంటే అరచేతి వేడికి క్రీము జారిపోతుంది. అందుకని మధ్య మధ్య చల్లటి నీళ్ళ గిన్నెలో చెయ్యి ముంచి తుడుచుకోవాలి.

ఆమె చెయ్యి తుడుచుకుంటూ ఉండగా కమిటీ మేడమ్ వచ్చింది. స్కూలు పేరెంట్స్ కమిటీలో ఏ పని జరిగినా ఆవిడే ముందుంటుంది. వాళ్ళమ్మాయి వాలీబాల్ జట్టుకి కెప్టెన్, క్వయర్‌లో మొదటి వరుస.

"ఆదివారం పిల్లలకి సన్మానం పెట్టుకున్నామండీ. కేకు మీ చేతి మీదుగానే అవ్వాలని ప్రిన్సిపాల్ సిస్టర్‌తో నేనే గట్టిగా చెప్పాను. బిషప్ గారు కూడా వస్తున్నారు."

పూలక్క మొహం వికసించింది. "ఏం వెయ్యమంటారు మేడమ్? పూలా?"

"పూలు ఎవరైనా వేస్తారు. మన పిల్లలంతా ఉండాలి. రెండు వరుసలు. నీలం గౌన్లు, తెల్ల కాలర్లు, నోళ్ళు తెరిచి పాడుతున్నట్టు. కుదురుతుందా?"

"మా పిల్ల ఉన్న వరుస కొంచెం బాగా వేసుకుంటా," అని నవ్వింది పూలక్క.

కమిటీ మేడమ్ కూడా నవ్వింది. "మీ పాప భలే పిల్లండీ. మా అమ్మాయి రోజూ చెబుతుంది. పక్కనున్న వాళ్ళకి కూడా అనుమానం రాదట, అచ్చం పాడుతున్నట్టే ఉంటుందట."

"ఉంటుందట అంటే?"

"అదే... పాటల సిస్టర్ గొంతు కలపొద్దన్నారుగా. పెదాలు మాత్రం..." ఆవిడ ఆగింది. "మీకు తెలీదా? అయ్యో రామా, తెలిసే ఉంటుందనుకున్నానండీ. అయినా ఏముందిలెండి, సర్టిఫికెట్టు అందరికీ ఒకటేగా!"

హ్యాండ్‌బ్యాగు సర్దుకుని ఆవిడ వెళ్ళిపోయింది. పూలక్క కోను అందుకుని సగంలో ఉన్న గులాబీ పూర్తి చెయ్యబోయింది. రేకు నిలబడలేదు. రెండోది కూడా జారింది. చూస్తుండగానే పువ్వంతా కూలి ఉప్మా ముద్దలా తయారైంది.

"ఏంటక్కా, పువ్వుకి నీరసం వచ్చిందా?" అన్నాడు ఓనరు గల్లాపెట్టె దగ్గర నుంచి.

"నాకొచ్చింది," అని కత్తితో దాన్ని తీసి అవతల పడేసింది.

సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్నప్పుడు పట్టుకుంది పిల్లని. దుప్పటికి అటు చివర పిచ్చుక, ఇటు చివర తల్లి. ఇద్దరూ కలిసి మడత పెట్టాలి కాబట్టి పారిపోవడానికి వీల్లేదు.

"నువ్వు క్వయర్‌లో పాడటం లేదటగా?"

పిచ్చుక చేతుల్లో కొస జారింది. వంగి అందుకుంది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. నిజమా కాదా?"

"సిస్టర్ ఒక్కొక్కరి ముందూ చెవి పెట్టుకుంటూ నడిచింది. నా దగ్గర ఆగింది. మళ్ళీ పాడమంది. మళ్ళీ పాడాను. అప్పుడు చెవిలో చెప్పింది, 'నీకు గొంతు వద్దమ్మా, గాలి చాలు' అని."

"గాలేంటి?"

"నోరు అందరిలాగే తెరవాలి. అందరితో పాటే ఊపిరి తీసుకోవాలి, అందరూ ఆపినచోటే ఆపాలి. గొంతు మాత్రం రాకూడదు. అదేం తేలిక కాదు, తెలుసా? ఒకసారి మర్చిపోయి కొంచెం బయటికొచ్చేసింది. పక్కనున్న పొడుగు జడది మోచేత్తో పొడిచింది."

"మానెయ్యరాదూ మరి?"

"మానేస్తే ముప్ఫైకి ఒకరు తగ్గుతారు. ముప్ఫై మంది లేకపోతే పోటీకి రానివ్వరట. పైగా రెండో వరుస మధ్యలో నా పొడుగు వాళ్ళు ఇంకెవరూ లేరు. వరుస వంకరగా కనిపిస్తుందట."

తల్లికి ఒళ్ళు మండిపోయింది. "పిల్లలనుకుంటున్నారా, ప్రహరీగోడకి ఇటుకలనుకుంటున్నారా? రేపే వస్తా మీ స్కూలుకి."

"వద్దమ్మా! నా మీద ఒట్టు. నాన్నకి చెప్పావంటే లిఫ్టు జోకులేస్తాడు. నానమ్మకి అసలే చెప్పకు. కనిపించిన వాళ్ళందరికీ నా మనవరాలు పాడిందని చెప్పుకుంది."

"సరే చెప్పన్లే. కానీ ఇంట్లో పాడుకోవడానికి ఏమొచ్చింది నీకు? ఇక్కడెవరు వద్దన్నారు?"

పిచ్చుక దుప్పటి కొసల్ని ఒకదానికొకటి ఆనించి, అంచులు సరిగ్గా కలిశాయో లేదో చాలాసేపు చూసింది.

"రావట్లేదమ్మా. నిజంగా. బాత్రూంలో నోరు తెరుస్తాను. గాలే వస్తోంది."

మర్నాడు కేకు పెట్టే బల్ల కొలత తీసుకోవాలన్న మిష మీద పూలక్క స్కూలుకి వెళ్ళింది. స్కూలుకి రానని మాటివ్వలేదు, ఇంట్లో చెప్పనని మాత్రమే ఇచ్చింది అని దారంతా తనకి తానే సర్దిచెప్పుకుంది.

గేటు దాటగానే వరండా గోడకి పెద్ద బోర్డు. పైన రంగు కాగితాలు కత్తిరించి 'మన విజయాలు' అని అంటించారు. వాలీబాల్ కప్పు పట్టుకున్న పిల్లలు. సైన్సు ప్రదర్శనలో ఇసుకతో, బొగ్గుతో నీళ్ళు వడకట్టే డబ్బా చూపిస్తున్న ఇద్దరు. వ్యాసరచనలో గెలిచిన కళ్ళజోడు పిల్ల. వృద్ధాశ్రమంలో ముసలాళ్ళకి పళ్ళు పంచుతున్న తొమ్మిదో తరగతి. అన్నిటికన్నా పెద్దది నడిమధ్యన క్వయర్ ఫోటో. ఆమె దగ్గరికి వెళ్ళి రెండో వరుస చూసింది. ముప్ఫై మందిలోకీ అందరికన్నా పెద్దగా నోరు తెరిచింది పిచ్చుకే.

ప్రార్థన చేసుకునే చాపెల్ పక్క గదిలో పాటల సిస్టర్ కీబోర్డు మీద గుడ్డతో దుమ్ము తుడుస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన కనుబొమ్మలు, ఎప్పుడూ ఏదో గుర్తుకొచ్చి నవ్వబోతున్నట్టుండే మొహం.

"రామ్మా, కూర్చో. కేకు అమ్మవి కదూ?"

"పిచ్చుక అమ్మని," అంది, కూర్చోకుండానే. "మా పిల్లని పాడొద్దన్నారట."

సిస్టర్ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. దబాయిస్తుందేమో, లేదనేస్తుందేమో అనుకుని నాలుగు మాటలు కూర్చుకుని వచ్చింది పూలక్క. అవేవీ అక్కర్లేకుండానే "అవునమ్మా" అనేసింది ఆవిడ.

"అవునా? అంత తేలిగ్గా చెబుతున్నారే!"

"మీ పిల్ల గొంతు చెడ్డది కాదు. గట్టి గొంతు. అదే చిక్కు. స్వరం గుమ్మందాకా సరిగ్గానే వస్తుంది, వచ్చి పక్కింటి తలుపు కొడుతుంది. మెల్లగా పాడేదైతే కలిసిపోయేది. ఇది పాడితే ముప్ఫై మందీ దాని వెనకాలే పక్కింటికి పోతారు."

"అయితే నేర్పించండి. మీరు ఉన్నది నేర్పడానికేగా?"

"నేర్పిస్తాను. పోటీకి ముందు సమయం ఎక్కడిదమ్మా? బహుమతులు రాకపోతే పాటల గంట తీసేసి లెక్కలకి ఇచ్చేస్తామని పైనుంచి ఒకటే పోరు. తీసేస్తే ఆ ముప్ఫై మందీ కూడా పాడరు." సిస్టర్ కనుబొమ్మలు తడుముకుంది. "అయినా నేను దాన్ని బలవంతపెట్టలేదు. వెళ్ళిపోతావా, ఇలా ఉంటావా అని అడిగాను. ఉంటానంది."

"ఎందుకుంటుంది? మీకు భయపడి ఉంటుంది."

"నాకెవరు భయపడతారమ్మా?" అని నవ్వింది సిస్టర్. "'ఎంపికైన రోజు మా అమ్మ బేకరీ అంతా కేకు ముక్కలు పంచింది, ఇప్పుడు తీసేశారని ఎలా చెప్పను' అంది."

పూలక్క అప్పుడు కూర్చుంది.

కొంగు సర్దుకుని, "ఆదివారం అయినా దాన్ని పాడనివ్వండి. పోటీ కాదుగా," అంది.

"బిషప్ గారు వస్తున్నారు తల్లీ. ఆదివారం కానియ్యి. తర్వాత దాన్ని విడిగా కూర్చోబెట్టి నేనే చెబుతాను. సరేనా?" సిస్టర్ బల్ల సొరుగు తెరిచి ఒక చాక్లెట్ తీసి, చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. పాఠం అప్పచెప్పిన చిన్నపిల్లకి ఇచ్చినట్టు.

చెడామడా దులిపేద్దామని వెళ్ళిన మనిషి చాక్లెట్ పట్టుకుని గేటు బయటికొచ్చింది. బస్సు ఎక్కాక గానీ తెలియలేదు, బల్ల కొలత తీసుకోనేలేదని.

శనివారం బేకరీ వెనకగదిలో కేకు మీద పిల్లల్ని నిలబెట్టింది. ముందు నీలం క్రీముతో గౌన్లు, వాటి మీద కోను కొనకి తగిలించే సన్న నాజిల్‌తో తెల్ల కాలర్లు, బాదం రంగు చుక్కలతో మొహాలు, చాక్లెట్టు గీతలతో జడలు. మామూలుగా ఇలాంటి పనిలో ఆమె ఒళ్ళు మరిచిపోతుంది. ఇవాళ ప్రతి బొమ్మా తనని చూసి నవ్వుకుంటున్నట్టే ఉంది. చివరికి నోళ్ళు మిగిలాయి. అగ్గిపుల్ల కొనతో ఎర్ర జెల్లీ ముంచి, ఒక్కో మొహానికీ ఒక్కో చుక్క. మొదటి వరుస అయింది. రెండో వరుసలో నడిమధ్య బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.

పెట్టకపోతే ఏమవుతుంది? కమిటీ మేడమ్ చూస్తుంది. "ఇక్కడ ఒకటి మర్చిపోయారండీ" అంటుంది, అందరి ముందూ. అంతకన్నా ఏమీ కాదు. పిల్ల మొహం మాత్రం ఎర్రబడుతుంది.

 చుక్క పెట్టేసి, నీళ్ళ గిన్నెలో చెయ్యి ముంచి, అవసరం లేకపోయినా అక్కడే ఉంచేసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. చెవుడని చెప్పి అత్తగారికి ముందు వరుసలో కుర్చీ సంపాదించాడు కొడుకు. ఆయన మాత్రం స్కూలు లిఫ్టు మధ్యలో ఆగిందంటే చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్ళిపోయాడు. "పిలిచింది అతిథిగానా, మెకానిక్‌గానా?" అని గొణుక్కున్నాడు గానీ, మొహం వెలిగిపోతూనే ఉంది. పూలక్క అత్తగారి కుడిపక్కన కూర్చుంది.

ప్రిన్సిపాల్ సిస్టర్ ఏడాది విజయాలు చదివింది. వాలీబాల్, వ్యాసాలు, నీళ్ళు వడకట్టిన డబ్బా, నాటిన మొక్కలు, పళ్ళు పంచిన వృద్ధాశ్రమం. ప్రతిదానికీ చప్పట్లు. "వీటన్నిటికీ తలమానికం మన గాయక బృందం" అనగానే చప్పట్లు ఇంకా పెరిగాయి. తెర తొలగింది. నీలం గౌన్లు, తెల్ల కాలర్లు. రెండో వరుస నడిమధ్యన పిచ్చుక, గీత గీసినట్టు నిటారుగా.

పాట మొదలైంది. బాగుంది. నిజంగానే చాలా బాగుంది, అదే పూలక్కకి ఇంకా కష్టమనిపించింది. అత్తగారు తల ఎడమకి తిప్పి కుడిచెవిని వేదిక వైపు పెట్టింది. కళ్ళు చిట్లించింది. కాసేపటికి కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"మన పిల్ల గొంతు వినబడదేంటే?"

చెవుడున్న వాళ్ళు గుసగుస అనుకునేది నలుగురికీ వినబడుతుంది. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వేదిక మీద పిచ్చుక కళ్ళు ఒక్కసారి ఇటు తిరిగాయి. నోరు మాత్రం అందరితో పాటే కదులుతోంది, ఊపిరి అందరితో పాటే తీస్తోంది.

పూలక్క వేదిక మీంచి చూపు తిప్పుకుంది. పక్క వరుస నుంచి కమిటీ మేడమ్ చూస్తోంది. బిషప్ గారు తల కొంచెం తిప్పారు. నీ చెవి బాగానే ఉంది, దాన్నే పాడొద్దన్నారు అని చెప్పాలంటే అరిచి చెప్పాలి. మెల్లగా చెబితే ఆవిడకి వినబడదు.

"పాడుతోంది అత్తయ్యా," అంది చెవి దగ్గర. "చూడండి, నోరు కదులుతోందిగా."

అత్తగారు చూసింది. చాలాసేపు చూసింది. వేలితో కుడిచెవిని తడుముకుని, లోపల ఏదైనా అడ్డుందేమో అన్నట్టు కుదిపింది. మళ్ళీ చూసింది.

"అవును, కదులుతోంది," అంది.

ఇంక ఆ తర్వాత ఆవిడ చెవి అటు పెట్టలేదు. చప్పట్లు కొట్టేటప్పుడు పక్కవాళ్ళ చేతులు చూసి కొట్టింది. లిఫ్టు బాగుచేసి వచ్చిన కొడుకు కేకు ముక్క ఇచ్చి, బాగుందా అని అడిగితే, జవాబు చెప్పకుండా అతని పెదాల వైపు చూసింది.

ఇంటికొచ్చాక ఆవిడ తన మంచాన్ని గుమ్మానికి దూరంగా, గోడ వైపుకి జరిపించుకుంది. రేడియో పెట్టమనలేదు. సోమవారం పొద్దున్న టీ ఇస్తూ కోడలు ఏదో అడిగితే, "మొహం ఇటు తిప్పి చెప్పమ్మాయ్," అంది.

"అదేంటత్తయ్యా, మామూలుగానే అన్నాగా."

"ఎడమది కూడా ఇలాగే పోయింది. ఒక్కసారిగా ఏం పోలేదు. ముందు సన్న గొంతులు పోయాయి. పసిపిల్లల ఏడుపు, పక్షులు. అందరి మాటలూ వినబడేవి, పక్షులు మాత్రం వినబడేవి కావు. ఊళ్ళో పక్షులన్నీ ఎటు పోయాయా అనుకునేదాన్ని. తర్వాతేగా మిగతావన్నీ." గ్లాసు అంచుని వేలితో తుడిచింది. "నిన్న అంతమంది పిల్లలూ వినబడ్డారు. మన పిచ్చుకే వినబడలేదు. అంటే ఇదీ మొదలైంది. ముందే పెదాలు చూడటం అలవాటు చేసుకుంటే మంచిది కదా."

 కోడలు చేతిలో పళ్ళెం ఉందన్న సంగతి కూడా మర్చిపోయి నిలబడిపోయింది. కొడుకు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే ఆవిడ వద్దంది. "డాక్టరు మాత్రం పక్షుల్ని తెచ్చిస్తాడా?"

సాయంత్రం పిచ్చుక స్కూలు నుంచి వచ్చేసరికి తల్లి వంటింట్లో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"నానమ్మకి ఏమైందమ్మా? పలకరిస్తే నా నోటికేసి అలా చూస్తుందేంటి?"

తల్లి చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, గిన్నె మీంచి కళ్ళెత్తకుండా.

"పాడుతోందని ఎందుకు చెప్పావ్?" పిచ్చుక గొంతు కీచుమంది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టింది నువ్వు కాదూ? హాల్లో అంతమంది ముందు అరిచి చెప్పమంటావా నీ సంగతి? సిస్టరూ నోరు మూయించింది, ఆ మేడమూ మూయించింది, నువ్వూ మూయించావు. ఇంకేం చెప్పను నేను?" పీచు విసిరికొట్టింది. సబ్బు నురగ కిటికీకి కొట్టుకుని జారింది. "నేను మాత్రం కేకు మీద నీ బొమ్మకి నోరు పెట్టి వచ్చాను. అదీ నా బతుకు!"

 పిచ్చుక సంచీ కింద పెట్టింది. జడలు వెనక్కి తోసుకుంది. గోడవైపు మంచం దగ్గరికి వెళ్ళి, నానమ్మ కుడిపక్కన నేల మీద గొంతుక్కూర్చుంది.

"నానమ్మా, కళ్ళు మూసుకో."

ఆవిడ దాని పెదాలకేసి చూస్తూ, "ఎందుకే?" అంది.

"మూసుకో ముందు. తెరిచావంటే ఊరుకోను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పిచ్చుక నోరు తెరిచింది. వంటింటి గుమ్మంలో తల్లి తడి చేతుల్ని కొంగులో అదిమిపట్టుకుంది. పిల్ల మెడ నరాలు ఉబ్బాయి. గాలి వచ్చింది. వట్టి గాలే. పిల్ల నోరు మూసుకుని, చుట్టూ చూసి, దగ్గి, మళ్ళీ తెరిచింది. ఈసారి గాలి వెంట చిన్న జీర, తుప్పు పట్టిన తలుపు కదిలినట్టు. ఆ జీరలోంచి గొంతు. వణుకుతూ మొదలైంది, రెండో చరణం దగ్గర పట్టు చిక్కింది, ఎత్తుకోవాల్సిన చోట ధైర్యంగా ఎత్తుకుని, సరిగ్గా గుమ్మందాకా వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది.

అత్తగారి చెయ్యి దుప్పటి మీంచి లేచి గాల్లో ఆగింది. మూసిన రెప్పల కింద కళ్ళు కదులుతున్నాయి.

"మూడున్నర దగ్గర ఆగింది," అంది.

"వినబడిందా?" పిచ్చుక పాట మధ్యలో ఆపేసింది. "నిజంగా? నీ చెవికేం కాలేదు నానమ్మా. నేను పాడలేదు. అక్కడ నేను పాడట్లేదు, ఉత్తినే నోరు కదిపాను. సిస్టర్ వద్దంది. రేపు వెళ్ళి చెప్పేస్తా, నా పొడుగు అమ్మాయిని ఇంకెవర్నైనా వెతుక్కోమని."

 ఆవిడ మనవరాలి తల తడిమి, చెంప తడిమి, అక్కడ తడి తగిలితే బొటనవేలితో తుడిచింది. కళ్ళు మాత్రం తెరవలేదు.

"ఇంకోటి పాడు," అంది.

"వినబడిందిగా!"

"ఒక్క పాటతో ఎలా చెప్పడం? చెవి వ్యవహారం. ఇంకా నాలుగైదు విని చూస్తే గానీ తేలదు."

పై అంతస్తులో చీపురుకట్ట నేల మీద టకటకా పొడిచింది. తల్లి అలవాటు కొద్దీ "కాసేపు ఆ..." అని నోరు తెరిచి, మూసేసుకుంది. మూల నుంచి చీపురు అందుకుని, స్టూలెక్కి, తిరిగి పై కప్పుని గట్టిగా రెండు పోట్లు పొడిచింది.